దుఃఖము కూడ న్యాసమే



కోవిల్పట్టి నుండి శంకరన్‌కోవిల్ పోవు దారిలో సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున కళుగుమలై ఉన్నది. మనలో చాలమంది పిల్లాపాపలతో ఆ కొండ యెక్కియే యుందురు. పాండ్యుల కాలమున, 8, 9 శతాబ్దులలో, ఆ బండపై తీర్థంకరుల బింబములు వరుసలు వరుసలుగా మలచబడినవి. పార్శ్వనాథస్వామి, బాహుబలిస్వామి, అంబికాయక్షి, పద్మావతీదేవి అచ్చట దర్శనమిత్తురు. బింబముల క్రింద వట్టెళుత్తు లిపిలో చిన్న చిన్న శాసనములు దాదాపు నూరు గలవు. ఫలాని యూరివారు, ఫలాని గురువుల శిష్యులు, ఈ బింబమును చేయించిరి అని మాత్రమే వానిలో నుండును. ఆ గురువులలో స్త్రీలును ఉండుట మనము సంతోషింపదగిన సంగతి. వారిని 'కురత్తియార్' అనిరి. వారికిని శిష్యవర్గము గలదు.

ఆ శాసనముల యెదుట నిలిచినప్పుడెల్ల నాకొక యాలోచన వచ్చును. ఆ గురువుల యొద్దకు వచ్చినవారు పూజలకై మాత్రమే వచ్చిరా? బిడ్డ పోయినవారు, పంట పోయినవారు, ఇంటిలో మాటపట్టింపులతో నిద్ర లేనివారు రాకుందురా? బండమీద గురువు పేరున్నది, దాత పేరున్నది, ఊరి పేరున్నది. ఎవరి కన్నీరును చెక్కబడలేదు. చెప్పుకొన్నది చెప్పుకొన్నవారి యొద్దనే, విన్నది విన్నవారి యొద్దనే నిలిచిపోయినది.

ఈ సంచికకు ధర్మవిషయ మేదైన వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు ఆ బండయే నాకు విషయము నిచ్చినది. కష్టములో నున్నవారికి శాస్త్రము చెప్పుట యెట్లు? ఎప్పుడు చెప్పవలెను? ఎప్పుడు నోరు మూసికొనవలెను? మన యిండ్లలో ఎవరికి మనస్సు చెదరినను ముందు వచ్చువాడు వైద్యుడు కాదు. చుట్టము, పొరుగువాడు, మందిరములోని పెద్ద. మన నోట ముందు వచ్చునది శాస్త్రవాక్యము. కావున ఇది సాధువుల విషయము కాదు, మానసిక వైద్యుల విషయము మాత్రమును కాదు. మనయందరి విషయము.

ముందు నా తప్పు చెప్పుకొందును.

చాల యేండ్ల క్రిందట ఒక తల్లికి బిడ్డ పోయినది. ఊరు, ఇంటిపేరు, బిడ్డ వయస్సు చెప్పను. ఎందుకు చెప్పనో ముందు మీకే తెలియును. ఇంటినిండ జనము కూర్చున్నారు. పెద్దవాడవు, శాస్త్రము చదివినవాడవు, నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. నేను కర్మసిద్ధాంతము చెప్పితిని. ఎవరి ఆయుఃకర్మ యెంతయో అంతే. పూర్వము కట్టుకొన్న కర్మము అనుభవింపక తీరదు. ఏడ్చుట ఆర్తధ్యానము, అది దుర్గతికి దారి. ఇవన్నియు గ్రంథములలో నున్న మాటలే. ఒక్కటియు కల్పించి చెప్పలేదు. ఆమె తల యెత్తి, “నా బిడ్డ ఎవరికి ఏం చేసింది బాబాయిగారూ?” అన్నది. దానికిని జవాబు చెప్పబోతిని! ఆమె లేచి లోపలికి పోయినది. తరువాత రెండేండ్లు మందిరమునకు రాలేదు.

ఆనాడు నేను అసత్యము చెప్పలేదు. మఱి చేసినది యేమి?

మన కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతములు అగ్గిపెట్టెలకు పేరు పొందినవి. పుల్ల తలకు అద్దు మందు వేరు. పెట్టె ప్రక్కన పూయు భాస్వరము వేరు. రెండును వేరువేరుగా నున్నంతవరకు పెట్టెను జేబులో వేసికొని తిరుగవచ్చును. గీసినప్పుడే నిప్పు పుట్టును. శాస్త్రవాక్యమును అట్టిదే. గ్రంథములో నున్నంతవరకు చల్లగా నుండును. గాయపడిన మనస్సుమీద గీసినప్పుడు మండును. దీపము వెలిగించుచున్నామో, కొంప కాల్చుచున్నామో పుల్ల చెప్పదు. గీయువాడు చూచుకొనవలెను. నేను చూచుకొనలేదు.

ఇట్టి తప్పును మన ఆచార్యులు ముందే కనిపెట్టిరి. తత్త్వార్థసూత్రము దిగంబరులకును శ్వేతాంబరులకును ప్రమాణగ్రంథము. అందు ఏడవ అధ్యాయములో శ్రావకుని వ్రతములకు ఒక్కొక్కదానికి ఐదేసి అతిచారములు చెప్పబడినవి. సత్యాణువ్రతమునకు చెప్పిన యైదు ఇవి: మిథ్యోపదేశము, రహోభ్యాఖ్యానము, కూటలేఖక్రియ, న్యాసాపహారము, సాకారమంత్రభేదము. తప్పుదారి పట్టించు ఉపదేశము. ఏకాంతమున జరిగినదానిని బయట పెట్టుట. దొంగపత్రము, దొంగలెక్క వ్రాయుట. నమ్మి దాచుకొన్న సొమ్మును దిగమ్రింగుట. ముఖకవళికలను బట్టి యితరుల ఆంతర్యము పసిగట్టి దానిని వెల్లడించుట.

వీనిలో మూడవదియు నాలుగవదియు కొట్టుమీద కూర్చున్న ప్రతివానికిని తెలిసినవే. తక్కిన మూడును సలహా చెప్పువాని తప్పులు. లెక్కలు వ్రాయువాని తప్పులను, సలహా చెప్పువాని తప్పులను ఆచార్యులు ఒకే వరుసలో నేల కూర్చిరి? రెంటికిని మూలము నమ్మకమే గనుక. ఒకడు మన చేతిలో డబ్బు పెట్టి పోవును. మఱియొకడు మన చేతిలో తన దుఃఖము పెట్టి పోవును. మొదటిది న్యాసము. మన తెలుగులో ఇల్లడ యందురు. రెండవదియు న్యాసమే. నేను ఈనాడు చెప్పదలచినది ఇంతమాత్రమే.

విరుదునగరము బజారులో మిరప, పప్పులు, నూనెలు చేతులు మారునప్పుడు ప్రతి మాటకును కాగితము వ్రాసికొనరు. మాటయే పత్రము. ఎవడైన ఇల్లడ సొమ్ము తినినాడని తెలిసినచో వాని గుమ్మము మఱియొకడు త్రొక్కడు. సొమ్ము విషయమున ఇంత నిక్కచ్చిగా నుండు మనము దుఃఖము విషయమున ఎట్లున్నాము? ఐదు అతిచారములను వరుసగా పెట్టి లెక్క చూచుకొందము.

మిథ్యోపదేశ మనగా అబద్ధము చెప్పుట మాత్రమే కాదు. మేలైన నేయి యైనను జ్వరరోగికి అపథ్యము. నేతిలో కల్తీ లేదుగదా యని వాదించిన ప్రయోజన మేమి? నేను ఆ తల్లికి చెప్పినది అట్టి నేయి. మిరప బస్తా తూచు కాటాపై ఏలకులు తూచము. ఆరోగ్యవంతునికి చెప్పు మాటను అదే తూకముతో ఆర్తునికి చెప్పరాదు.

రహోభ్యాఖ్యానము మన కందరికిని అలవాటైన దోషము. ఒకరు వచ్చి యింటిగుట్టు చెప్పుకొందురు. మరునాడు మనము ప్రవచనములో, “ఈ మధ్య ఒకాయన నా దగ్గరకు వచ్చినాడు” అని మొదలు పెట్టుదుము. పేరు చెప్పలేదుగదా యందుము. మన సమాజ మెంత? ఫలాని వీథిలో, ఫలాని సరకు కొట్టువాడనిన చాలు, సగము సభ తలలు త్రిప్పి చూచును. ఇందుచేతనే నేను ఆ తల్లి యూరు చెప్పలేదు.

కూటలేఖ మనగా దొంగకాగితమే గావలెనా? గ్రంథములో లేనిదానిని గ్రంథము పేరిట చెప్పుటయు దొంగలెక్కయే. ఈ స్తోత్రము ఇన్నిమారులు చదివిన పిచ్చి కుదురును, మందులు మానుము అని చెప్పుట అట్టిది. సగము వాక్యము చెప్పి తక్కిన సగము దాచుటయు అట్టిదే.

న్యాసాపహారమును గూర్చి టీకాకారులు ఒక సున్నితమైన మాట చెప్పుదురు. దాచుకొన్నవాడు తానెంత దాచినదియు మఱచి తక్కువ అడుగును. పుచ్చుకొన్నవాడు, “అవును, అంతే” అని ఆ తక్కువనే యిచ్చును. నోట పెద్ద అబద్ధము రాలేదు. దోషము మాత్రము పట్టినది. దుఃఖితునికి తన హక్కు లేమియు గుర్తుండవు. ఆ సమయమున వానిచే చందా వ్రాయించుకొనుట, మ్రొక్కు కట్టించుట, మన పక్షమునకు త్రిప్పుకొనుట, ఇంటి తగవులో మన కనుకూలమైన సంతకము పెట్టించుట, ఇవన్నియు ఇల్లడ తినుటయే. వాని పుణ్యముకొఱకే యని మనకు మనము చెప్పుకొన్నను లెక్క మారదు.

ఐదవది సాకారమంత్రభేదము. సభలో ఒకరి ముఖము చూచుచు వారికి తగులునట్లు దృష్టాంతము చెప్పుట. పేరు లేదు, ఊరు లేదు. బాణము మాత్రము సూటిగా పోయి తగులును.

ఇక కర్మసిద్ధాంతము సంగతి. మన దర్శనమునకు అది వెన్నెముక. దానిని విడువుమని నేను చెప్పుట లేదు. కాని అది అద్దము వంటిది. తన ముఖము తాను చూచుకొనుటకే గాని, ఎదుటివాని కన్నులలోనికి ఎండ మఱలించుటకు కాదు. తన ఖాతా తాను త్రిప్పుకొనవలెను; పొరుగువాని చిట్టా త్రిప్పు అధికార మెవరిచ్చిరి? కేవలజ్ఞానము లేనిదే ఎవరికి ఏ కర్మము ఉదయించినదో చెప్పువా రెవరు? అదిగాక కర్మ మనునది రాతిమీది వ్రాత కాదు. పురుషార్థముచేత దాని స్థితియు తీవ్రతయు తగ్గుననియు, ఒక ప్రకృతి మఱియొకటిగా మారుననియు కర్మగ్రంథములు విస్తరించి చెప్పుచున్నవి. ఈ భాగము మనము ఆర్తులకు చెప్పనే చెప్పము. అనుభవించుము అను ముక్క మాత్రము చెప్పుదుము. సగము వాక్యమన్నది ఇదియే.

ఇంకొక మాట. అసాతావేదనీయ కర్మము, అనగా బాధను అనుభవింపజేయు కర్మము, ఎట్లు బంధించునో ఆ తత్త్వార్థసూత్రమే ఆరవ అధ్యాయమున చెప్పినది. తనకు గాని పరులకు గాని దుఃఖమును, శోకమును, విలాపమును కలిగించుట అందులకు హేతువు. ఏడ్చుచున్న తల్లిని శాస్త్రము పేరిట మఱింత ఏడిపించినవాడు ఆ కర్మము నెవరి ఖాతాలో వ్రాసికొన్నట్లు? నేను ఆమె కర్మము గూర్చి మాటలాడుచు నా కర్మము కట్టుకొంటిని.

ఆర్తధ్యానము మాటయు అంతే. ఇష్టమైనవారి వియోగమున కలుగు చింత ఆర్తధ్యానమే, నిజము. కాని అది యెవరికి కలుగును? వ్రతములు లేనివారికే గాక, అణువ్రతులకును, ప్రమత్తసంయతుడైన మునికి సైతము కలుగునని సూత్రకారులు తొమ్మిదవ అధ్యాయమున ఒప్పుకొనిరి. మునికే తప్పనిదానిని బిడ్డను పోగొట్టుకొన్న తల్లియందు నేరముగా నెంచుట యెట్లు? మహావీరస్వామి నిర్వాణమందిన రాత్రి గౌతమస్వామి విలపించెనని శ్వేతాంబర పరంపర చెప్పును. ఆ శోకమును దాటియే ఆయన కేవలజ్ఞానము పొందెను.

అట్లయిన శాస్త్రము నెట్లు వినియోగింపవలెను? మన పద్మపురాణమున రవిషేణాచార్యులు చెప్పిన రామకథలో దీనికి చక్కని మార్గము గలదు. లక్ష్మణుడు మరణించెను. రాముడు నమ్మలేదు. తమ్ముని శరీరమును భుజముమీద వేసికొని ఆరు మాసములు తిరిగెను. స్నానము చేయించెను, తినుమని బ్రతిమాలెను. మంత్రులు, బంధువులు ఎంత చెప్పినను వినలేదు. అప్పుడు పూర్వజన్మమున ఆయన స్నేహమెఱిగిన దేవతలిద్దరు వచ్చిరి. ఒకడు జటాయువు జీవము, మఱియొకడు సేనాపతి కృతాంతవక్త్రుని జీవము. వారు ఆయనకు ఉపన్యాసము చెప్పలేదు. ఎండిన మ్రానుకు నీరు పోయ మొదలుపెట్టిరి. నీరు చిలికి వెన్న తీయ జూచిరి. ఇసుకను గానుగలో వేసి నూనె తీయ జూచిరి. రాముడే ఆగి, “ఏమిటిది? ఇసుకలో నూనె వచ్చునా?” అని అడిగెను. కడకు వారిలో నొకడు తానును ఒక శవమును మోసికొని యెదుటికి వచ్చెను. రాముడు ఆ శవమును చూచి తన భుజముమీది భారమును తాను చూచుకొనెను.

విరుదునగరము నూనె వర్తకులకు ఇసుక గానుగ కథ వేరుగా విప్పి చెప్పనక్కర లేదు. దానిలోని వరుసను మాత్రము గమనింపుడు. వారు ఆయన ప్రేమను ఎగతాళి చేయలేదు. తమ్ముని శరీరమును లాగికొనలేదు. ఆయన చూచునట్టి చోట, ఆయన కర్థమగు పనిలో నిలిచిరి. ప్రశ్న ఆయన నోట వచ్చువఱకు వేచియుండిరి. జవాబును ఆయనయే కనుగొనునట్లు చేసిరి. ఆరు మాసములు జాగైనదని ఎవరును విసుగుకొనలేదు. మనము ఆరు నిమిషములు ఆగలేక సూత్రము చెప్పుదుము.

ఇప్పుడు మఱింత జాగ్రత్తగా చెప్పవలసిన సంగతి యున్నది. ఒక యింట వయసువచ్చిన పిల్ల పర్యుషణములో ఉపవాసము మొదలుపెట్టినది. గుర్తులు మార్చి చెప్పుచున్నాను. పర్వము ముగిసినను పారణ చేయలేదు. తపస్వినియని అందరును కొనియాడిరి, చూడవచ్చిరి. ఆ యింటి ముసలమ్మ యొక్కతె మాత్రము, “ఇది తపస్సు కాదురా. తపస్సు చేసేవాళ్లు పొద్దున్నే లేచి సామాయికం చేసుకుంటారు. ఇది స్నానం మానేసింది, మాట మానేసింది, రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చుంటోంది” అన్నది. మధురైలో వైద్యునికి చూపించిరి. అది మనోవ్యాధి, అన్నము మీద, బ్రదుకు మీద ఇచ్చ పోయిన వ్యాధి. మందులు వాడిరి, వారము వారము మాటలాడించిరి, పిల్ల తేరుకొన్నది. మరుసటి యేడు పర్యుషణమున ఏకాశనము మాత్రము చేసి నవ్వుచు తిరిగినది. ఆ ముసలమ్మ నోరు మెదపకుండిన యెడల మన జయజయకారములే ఆ పిల్లను మ్రింగియుండును.

షోడశభావనలలో శక్తికి తగినంత త్యాగము, శక్తికి తగినంత తపస్సు అని చెప్పబడినది. శక్తిని చూడకుండ తపస్సును మెచ్చుకొనువాడు శాస్త్రమును సగమే చదివినవాడు.

సల్లేఖన విషయమున ఈ జాగ్రత్త పదింతలు కావలెను. 2015 ఆగస్టు 10వ తేదీన రాజస్థాన్ హైకోర్టు దీనిని ఆత్మహత్యతో సమానముగా నెంచి తీర్పు చెప్పగా, దేశమంతటను మన సమాజము బాధపడినది. ఆ నెల 31వ తేదీననే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. సల్లేఖన ఆత్మహత్య కాదని మనము లోకమునకు చెప్పుచున్నాము. చెప్పుట న్యాయమే. అట్లయినచో ఆ భేదమును మన యిండ్లలో మనమే ముందు కాపాడవలెను. తప్పించుకొనరాని ఉపసర్గము, దుర్భిక్షము, ముసలితనము, చికిత్స లేని రోగము కలిగినప్పుడే ధర్మరక్షణకై సల్లేఖన యని సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున చెప్పిరి. అప్పుడైనను త్వరగా చావు రావలెనని కోరుట, మరణాశంస, సల్లేఖనకు అతిచారము. “నాకు బ్రతకాలని లేదు” అని ఒకడు చెప్పెనా, ఆ మాటతోనే వానికి ఆ వ్రతము తగదని తేలిపోయినది. అప్పులలో మునిగిన యువకునికి, పరీక్ష తప్పిన పిల్లవానికి, భర్తతో పొసగని కోడలికి మన సాధుసాధ్వుల సమాధిమరణ కథలు వినిపించరాదు. వారికి కావలసినది తోడు, వైద్యుడు, రాత్రి ఒంటరిగా విడువని మనిషి.

ఆ సమంతభద్రాచార్యుల జీవితమునుగూర్చి కథాకోశములు చెప్పు వృత్తాంతమును మీరు వినియుందురు. మునిగా నుండగా ఆయనకు భస్మకవ్యాధి కలిగెను. ఎంత తినినను భస్మమై ఆకలి తీరదు. మునికి దొరకు ఆహారముతో అది శాంతింపదు. బాధ భరింపలేక ఆయన గురువును సమాధిమరణమునకు అనుమతి అడిగెను. గురువు ఇయ్యలేదు. మునివేషమును విడిచియైనను కావలసిన ఆహారము తిని, వ్యాధి కుదుర్చుకొని, మరల దీక్ష గైకొనుమని ఆజ్ఞాపించెను. ఆలోచింపుడు. శిష్యుడు మహావిద్వాంసుడు, అడిగినది శాస్త్రములో నున్నదే. గురువు శాస్త్రవాక్యమును గాక, ఎదుటనున్న రోగిని చూచెను. దీక్షకన్న ముందు చికిత్స యనెను. ఆ గురువు ఆనాడు తలయూపియుండిన యెడల సమంతభద్రుల గ్రంథములు మనకు దక్కెడివా?

వైద్యమునకు బదులు శాస్త్రమును వాడరాదని మన దానముల లెక్కయే చెప్పును. ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము అని పెద్దలు నాలుగు చెప్పిరి. ఔషధమును, శాస్త్రమును వేరువేరు పద్దులుగా వ్రాసిరి. ఒక పద్దున జమ కట్టి మఱియొక పద్దు చెల్లినదనుట యే లెక్క?

విరుదునగరము జిల్లాకు ప్రక్కనే రామనాథపురము జిల్లా. 2001 ఆగస్టు 6వ తేదీ వేకువను ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయగృహమున నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడియున్న 28 మంది మనోరోగులు మరణించిరి. దైవబలముచే నయమగునని వారివారి యిండ్లవారు అచ్చటకు తెచ్చి విడిచినవారు. ఆ పాపము ఏ మతమునకును అంటదు. భక్తిని నమ్మి వచ్చినవారిని గొలుసులకు కట్టిన మనుష్యులదే ఆ పాపము. మన పాంజరాపోళ్లలో ఆవును సైతము నిప్పులో వదలి పోము. ఆ సంగతిని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు గైకొన్నది. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని శాసించినది. రోగి సంగతులు రహస్యముగా నుంచుట అతని హక్కని చెప్పినది. ప్రాణము తీసికొన ప్రయత్నించినవానిని నేరస్థునిగా గాక, తీవ్రమైన మనోవ్యథలో నున్నవానిగా నెంచి సాయపడవలెనని చెప్పినది. రహోభ్యాఖ్యానము కూడదని మన ఆచార్యులు చెప్పిన మాటయే చట్టరూపమున వచ్చినట్లు నాకు తోచును.

మన వంతున చేయవలసినవి క్లుప్తముగా చెప్పుదును. మొదట వినుడు, అడుగనిదే శాస్త్రము చెప్పకుడు. అడిగినప్పుడైనను వారికేది యూరట నిచ్చునో వారినే అడుగుడు. ఒకరికి ణమోకారము, ఒకరికి ప్రతిక్రమణము, ఒకరికి మందిరములో మౌనముగా కూర్చుండుటయే ఊరట. మన కొట్టులో, మన కార్ఖానాలో పనిచేయువాడు కష్టము చెప్పుకొన్నచో మన సూత్రము వానిమీద మోపకుడు. జీతమిచ్చు యజమాని చెప్పునప్పుడు వాడు కాదనలేడు. వాని దేవుని మాట వానికి గలదు. అనేకాంతమును ఉపన్యాసములలో పొగడుటకన్న ఇచ్చట పాటించుట మేలు. నిద్ర, ఆహారము, మాట పోయి కొన్నాళ్లైనను తేరుకొననివానిని వైద్యునికి చూపుడు. చావు మాట నోట వచ్చినచో ఆ పూటనే కదలుడు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ అను ఫోను సేవ గలదు. 14416 సంఖ్యకు పిలిచినచో తెలుగులోను, తమిళములోను మాటలాడువారుందురు. ఈ సంఖ్యను పంచాంగము ప్రక్కన వ్రాసి పెట్టుకొనుడు.

వైద్యులకును ఒక మనవి. రోగి చేతిలోని జపమాలను చూచి నవ్వకుడు. దానిని పట్టుకొనియే అతడు ఇన్నాళ్లు నిలిచియుండవచ్చును. మందు మీరిండు, మాలను వానికే విడువుడు.

ఆ తల్లి సంగతి చెప్పి ముగింతును. రెండేండ్ల తరువాత క్షమావాణి దినమున వారింటికి పోతిని. “ఆనాటి నా మాటకు క్షమించు తల్లీ” అంటిని. ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత, “మీరు చెప్పింది తప్పని కాదు బాబాయిగారూ. ఆ పూట ఎవరైనా నా బిడ్డ పేరు ఒక్కసారి పలికితే బాగుండుననిపించింది. అందరూ కర్మం పేరే ఎత్తారు” అన్నది. నేను బిడ్డ పేరు పలికితిని. ఆమె చెప్పుట మొదలుపెట్టినది. ఏమి తినెడిదో, ఏ మాట ముద్దుగా పలికెడిదో, ఎవరిని చూచి భయపడెడిదో, ఒక గంటసేపు చెప్పినది. నే నొక్క శాస్త్రవాక్యమును చెప్పలేదు. లేవబోవుచుండగా ఆమెయే, “ఒకసారి ణమోకారం చెప్పి వెళ్లండి” అన్నది. ఇద్దరమును కలిసి చెప్పితిమి.

ఈ సంగతి వ్రాయవచ్చునా యని ఆమెను అడిగితిని. “పేర్లు లేకుండా రాయండి. ఇంకొకరికి పనికొస్తుంది” అన్నది. ఆ యనుమతి మేరకే వ్రాసితిని. బిడ్డ పేరు ఆమె నా యొద్ద దాచిన న్యాసము. కళుగుమలై బండ దాచినట్లే నేనును దానిని దాచెదను.

నా మాటలచే ఎవరి మనస్సు నొచ్చినను క్షమింతురు గాక.

జై జినేంద్ర!